కొండబండిని రోడ్డుకు దించాలా?

రోడ్డు పక్షం: థార్, జిమ్నీ లాంటి బండ్లు కొన్నవాళ్లలో ఎక్కువమంది వాటిని నడిపేది తారురోడ్డు మీదే. ఆఫీసుకి, పెళ్లిళ్లకి, పండక్కి ఊరికి. రాళ్లబాట తగిలేది ఎప్పుడో ఒకసారి. ఆ ఒక్కసారి కోసం మెత్తటి స్ప్రింగులు, పొడవాటి షాకప్‌లు, ఎత్తైన బాడీ మోసుకుంటూ ప్రతి మలుపులోనూ పక్కకి ఒరిగిపోతూ వెళ్లడం ఎందుకు? మంచి షాకప్‌లు వేయించి, ఒరుగుడు తగ్గించే యాంటీ-రోల్ బార్ ఇంకాస్త లావుది బిగించి, బాడీని రెండు మూడు సెంటీమీటర్లు కిందికి దించితే అదే బండి రోడ్డు మీద మాట వింటుంది. ఇదంతా సోకు కోసం అడగడం లేదు. ఇంటిల్లిపాదీ కూర్చునే బండి కాబట్టి అడుగుతున్నాను.

కొండ పక్షం: రోడ్డు కోసమే అయితే రోడ్డుబండే కొనుక్కోవాల్సింది కదా అని నేను అనను. మన ఇళ్లలో చాలాచోట్ల ఒక్క బండే ఉంటుంది, అన్ని పనులూ దానితోనే జరగాలి. కానీ మీరు చెప్పిన మూడు మార్పులనూ ఒకే గాటన కట్టకండి. షాకప్ మార్చడం ఒక రకం, బార్ మార్చడం ఇంకో రకం, ఎత్తు తగ్గించడం పూర్తిగా వేరే రకం. జిమ్నీకి ముందూ వెనకా రెండూ రిజిడ్ యాక్సిళ్లే. ఎడమ చక్రం రాయి ఎక్కితే కుడిచక్రం గుంటలోకి దిగుతుంది, బాడీ మాత్రం మధ్యస్థంగా నిలబడుతుంది. ఆ ఎగుడుదిగుడులో నాలుగు చక్రాలూ నేలను వదలకుండా ఉండటమే ఆ బండి పుట్టుకకు కారణం. లావు బార్ బిగించడమంటే ఆ రెండు చక్రాలనూ ఒకదానికొకటి కట్టేయడం. మారేడుమిల్లి నుంచి గుడిసె కొండ ఎక్కే మట్టిదారిలో ఒక చక్రం గాల్లోకి లేస్తే దాని పట్టు పోయినట్టే.

రోడ్డు పక్షం: నిజమే. బార్ వల్ల రాళ్లలో చక్రాల కదలిక తగ్గుతుంది, కాదనను. అయితే ఆ చిక్కుకి విరుగుడు చాలాకాలంగా ఉంది. జీప్ రాంగ్లర్ రూబికాన్‌లో ముందు బార్‌ని ఒక బటన్‌తో విడదీయొచ్చు, వేగం పెరిగితే అదే మళ్లీ కలుస్తుంది. టొయోటా ల్యాండ్ క్రూయిజర్ 200లో పెట్టిన కేడీఎస్‌ఎస్ అనే ఏర్పాటు మొదట ఆస్ట్రేలియాలో కైనెటిక్ అనే కంపెనీ బుర్రలో పుట్టింది. అందులో ముందు, వెనక బార్లను హైడ్రాలిక్ గొట్టాలతో కలిపారు. మలుపులో బార్లు బిగుసుకుంటాయి, రాళ్లలో వాటంతటవే వదులవుతాయి. అంత ఖర్చు పెట్టలేనివాళ్లకి పిన్ను లాగి చేత్తో విడదీసే లింకులు ఉన్నాయి. బాట మొదలయ్యే చోట దిగి విడదీసుకుంటారు, తిరిగొచ్చి కలుపుకుంటారు. రెండూ కావాలనుకోవడం తప్పెలా అవుతుంది?

కొండ పక్షం: ల్యాండ్ క్రూయిజర్‌లో ఉన్నది దాని కంపెనీ ఏళ్ల తరబడి పరీక్షించి పెట్టినది. మన షెడ్డులో బిగించే బార్‌కి ఆ పరీక్ష ఎక్కడిది? ఇంకో సంగతి కూడా ఉంది. బాడీ ఒరగడం తగ్గింది కాబట్టి ప్రమాదం తగ్గిందని చాలామంది అనుకుంటారు. మలుపులో లోపలి చక్రాల మీది బరువు బయటి చక్రాల మీదికి మారుతుంది. ఎంత మారుతుందన్నది ప్రధానంగా మూడింటిని బట్టి ఉంటుంది: గరిమనాభి ఎంత ఎత్తున ఉంది, చక్రాల మధ్య ఎంత వెడల్పు ఉంది, మలుపు ఎంత వేగంగా తిరిగారు. బార్ లావైనా సన్నమైనా ఆ మొత్తం దాదాపు అంతే ఉంటుంది. ఆ బరువు ముందు టైర్ల మీద ఎక్కువ పడాలా, వెనక టైర్ల మీద ఎక్కువ పడాలా అన్నది మాత్రమే బార్ మారుస్తుంది. ముందు బార్ మరీ గట్టిదైతే స్టీరింగ్ తిప్పినా బండి నేరుగా పోతానంటుంది. వెనకది గట్టిదైతే తోక విసురుతుంది. అలవాటు లేని చేతికి, తడిరోడ్డు మీద, ఆ రెండోది ప్రాణాంతకం. వీటికి తోడు ఒరగడం తగ్గడంతో డ్రైవరుకి ధైర్యం పెరుగుతుంది, అరవైలో తిరిగే మలుపుని ఎనభైలో తిరుగుతాడు.

రోడ్డు పక్షం: బరువు మారడం గురించి మీ లెక్క సరైనదే, ఒప్పుకుంటున్నాను. కానీ అది బండి మలుపులో స్థిరపడ్డాక చేసిన లెక్క. మన రోడ్ల మీద ప్రమాదం అలా స్థిరంగా రాదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్తుంటే ముందు లారీ ఉన్నట్టుండి లైన్ మారుస్తుంది. స్టీరింగ్ ఎడమకి కొట్టి, వెంటనే కుడికి తిప్పాలి. మెత్తటి బండి ఎడమకి తిప్పినప్పుడు ఒక పక్కకి ఒరుగుతుంది. ఆ ఒరుగుడు తేరుకోకముందే రెండో పక్కకి తిప్పేసరికి, స్ప్రింగుల్లో కూడిన ఊపు కూడా తోడై ఇంకా ఎక్కువ ఒరుగుతుంది. తిరగబడటం ఎక్కువగా ఆ రెండో ఊపులోనే జరుగుతుంది. ఆ ఊపుని పట్టి ఆపేది షాకప్. అందుకే నేను స్ప్రింగు కంటే ముందు షాకప్ గురించి అడుగుతాను.

కొండ పక్షం: షాకప్ దగ్గర మీతో నాకు పెద్దగా తగవు లేదు.

రోడ్డు పక్షం: తగవు లేకపోయినా ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది మోసపోయేది ఇక్కడే. షాకప్ 'గట్టిది', 'మెత్తది' అని రెండు రకాలుగా దుకాణంలో అమ్ముతారు. మంచి షాకప్ ఆ రెండింట్లో ఏదో ఒకటి కాదు. బాడీ ఒరిగేటప్పుడు లోపలి పిస్టన్ నెమ్మదిగా కదులుతుంది. చక్రం గుంటలో పడ్డప్పుడు అదే పిస్టన్ చాలా వేగంగా కదులుతుంది. నెమ్మది కదలికని గట్టిగా పట్టి, వేగపు కదలికని వదిలేసేలా వాల్వులు అమర్చవచ్చు. అప్పుడు మలుపులో బండి నిలకడగా ఉంటుంది, గతుకులో నడుము విరగదు. 2024లో వచ్చిన థార్ రాక్స్‌లో మహీంద్రా పెట్టిన ఫ్రీక్వెన్సీని బట్టి మారే షాకప్‌ల ఉద్దేశం దాదాపు ఇదే. అదే బండిలో వెనక యాక్సిల్‌కి వాట్స్ లింకేజీ కూడా ఇచ్చారు. యాక్సిల్‌ని బాడీకి అడ్డంగా కలిపే పానార్డ్ రాడ్ ఉన్న బండిలో బాడీ పైకీ కిందికీ కదిలినప్పుడల్లా యాక్సిల్ కొద్దిగా పక్కకి జరుగుతుంది. వాట్స్ లింకేజీలో అది దాదాపు నిటారుగానే కదులుతుంది. అంటే తయారుచేసినవాళ్లే తమ కొండబండిని రోడ్డు కోసం సరిదిద్దారు. 2018లో మెర్సిడెస్ జీ-క్లాస్ దశాబ్దాల నాటి ముందు రిజిడ్ యాక్సిల్‌ని వదిలి ఇండిపెండెంట్ సస్పెన్షన్‌కి మారింది. వాళ్లు చేస్తే పురోగతి, యజమాని చేస్తే నేరమా?

కొండ పక్షం: వాళ్లు చేసినప్పుడు ఫ్రేము, స్టీరింగు, బ్రేకులు, బండి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌పీ అన్నీ దానికి తగ్గట్టు మార్చారు. మీరు ఒక్కటి మారుస్తారు, మిగతావి పాతవే ఉంటాయి. ఈఎస్‌పీ కంపెనీ స్ప్రింగులతో, కంపెనీ టైర్లతో పరీక్షించి సర్దిన ప్రోగ్రాము. బండి ఎలా అదుపు తప్పితే ఏ చక్రానికి ఎప్పుడు బ్రేకు వేయాలో ఆ పరీక్షల్లోనే తేలింది. మీ కొత్త స్ప్రింగులతో అది అంత చక్కగా పనిచేస్తుందని ఎవరు హామీ ఇస్తారు? మెత్తదనం ఎప్పుడూ లోపమే అన్నట్టు మాట్లాడకండి. 1970లో వచ్చిన మొదటి రేంజ్ రోవర్ పొడవాటి, మెత్తటి కాయిల్ స్ప్రింగులతో వచ్చింది. యాంటీ-రోల్ బార్లే లేవు, మలుపుల్లో ఓడలా ఒరిగేది. అయినా దుక్కిచేలోనూ హైవే మీదా కూడా మన్నన పొందింది, ఎందుకంటే దాని చక్రాలు నేలను వదిలేవి కావు. పాడేరు వైపు ఘాట్‌లో వాన కొట్టుకుపోయిన తారు మీద గట్టి సస్పెన్షన్ బండి చక్రం గతుకు గతుక్కీ ఎగురుతుంది. ఎగిరిన చక్రం బండిని తిప్పలేదు, ఆపలేదు. మన తారురోడ్డు అనేది సగం రోజులు తారురోడ్డే కాదు.

రోడ్డు పక్షం: అదే ఘాట్‌లో వెనక సీట్లో కూర్చున్న పిల్లల సంగతి అడగండి. అరకు చేరేలోపు వాంతులు చేసుకునేది గతుకుల వల్ల కాదు, మలుపు మలుపుకీ తల అటూ ఇటూ ఊగిపోవడం వల్ల. మెడ నొప్పి ఉన్న పెద్దవాళ్లు ఆ బండి ఎక్కనంటారు. అందుకే యజమాని రెండో బండి కొంటాడు, లేదా దీన్ని అమ్మేస్తాడు. అలా షెడ్డులో పడివున్న కొండబండి కొండకి కూడా పనికిరాదు కదా. మీరు కాపాడాలనుకునే గుణం వాడకం వల్లనే బతుకుతుంది.

కొండ పక్షం: ఆ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పిల్లల వాంతుల ముందు నా సిద్ధాంతం నిలబడదు, ఒప్పుకుంటాను. కానీ ఆ ఊగుడులో ఎంత భాగం కంపెనీది, ఎంత భాగం యజమాని తెచ్చిపెట్టుకున్నది? కొన్న నెలలోపే రెండంగుళాల లిఫ్ట్ కిట్ వేయిస్తారు, పెద్ద మడ్ టైర్లు ఎక్కిస్తారు, పైన ఇనప క్యారియర్ బిగించి దాని మీద స్టెప్నీ, జెర్రీ క్యాన్ కట్టేస్తారు. జిమ్నీలో ముందు యాక్సిల్‌ని ఆర్మ్‌లు పట్టుకుని ఉంటాయి. బాడీని పైకి లేపితే ఆ ఆర్మ్‌ల కోణం మారి క్యాస్టర్, అంటే స్టీరింగు తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం, తగ్గుతుంది. క్యాస్టర్ తగ్గితే స్టీరింగు దానంతట అది మధ్యకి రాదు, తిన్నటి రోడ్డు మీద కూడా బండి అటూ ఇటూ తచ్చాడుతుంది. పానార్డ్ రాడ్ సరిచేయకపోతే యాక్సిల్ ఒక పక్కకి జరిగి ఉండిపోతుంది. ఇవన్నీ చేసి, 'ఈ బండి హైవే మీద బాగోదు' అంటారు. ముందు ఆ లిఫ్ట్ తీయించి, కంపెనీ సైజు టైర్లు వేయించి, గాలి సరిగా పట్టించి, అరిగిన బుష్‌లు మార్పించి నడిపి చూడమనండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరతాయి.

రోడ్డు పక్షం: తీరతాయి. మీరు చెప్పింది ప్రతి యజమానీ వినాల్సిందే. కానీ మిగిలిన సగం ఉంటుంది. జిప్సీనే తీసుకోండి. 1985 నుంచి మన దేశంలో తిరిగిన బండి, ముందూ వెనకా కమాన్ పట్టీలే. నడుములు పోతున్నాయని ఎంతమంది యజమానులు కట్టలోంచి ఒకటో రెండో పట్టీలు తీయించుకున్నారో మెకానిక్‌లని అడగండి. ఇంకో ముఖ్యమైన విషయం. 1993లో మారుతియే జిప్సీ చక్రాల మధ్య వెడల్పుని 90 మిల్లీమీటర్లు పెంచి వైడ్‌ట్రాక్ అని తెచ్చింది. సస్పెన్షన్‌కి మార్పే అక్కర్లేకపోతే ఆ పని ఎందుకు చేసింది?

కొండ పక్షం: మంచి ఉదాహరణ ఇచ్చారు, అది నా పక్షానికి కూడా పనికొస్తుంది. మారుతి జిప్సీని కిందికి దించలేదు, గట్టి చేయలేదు. వెడల్పు చేసింది. కొండ ఎక్కే గుణం పోకుండా రోడ్డు మీద నిలకడ తెచ్చింది. ఆ కుటుంబానికే చెందిన పొట్టి బండి సమురాయ్ మీద 1988లో అమెరికాలో కన్స్యూమర్స్ యూనియన్ అనే వినియోగదారుల సంస్థ తిరగబడే ప్రమాదం ఉందని తేల్చింది, సుజుకీ కోర్టుకెళ్లింది, 2004లో గానీ ఆ గొడవ రాజీతో ముగియలేదు. ఎత్తుకీ వెడల్పుకీ ఉన్న సంబంధం అంత సున్నితమైనది. అయితే మన షెడ్డుల్లో వెడల్పు చేయడమంటే స్పేసర్లు వేయడమే. స్పేసరు హబ్ బేరింగు మీద భారం పెంచుతుంది, స్టీరింగు లాగుడు పెంచుతుంది, టైరు మడ్‌గార్డు దాటి బయటికి వస్తుంది. అది మారుతి చేసిన పని కాదు.

రోడ్డు పక్షం: స్పేసర్లు నేనూ వద్దంటాను. కానీ మీరే లెక్క మొదలుపెట్టారు కాబట్టి పూర్తి చేద్దాం. అమెరికాలో రోడ్డు భద్రతా సంస్థ వాడే స్టాటిక్ స్టెబిలిటీ ఫ్యాక్టర్ అనే కొలత ఉంది. చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకె అది. మామూలు కార్లకి 1.3 నుంచి 1.5 దాకా ఉంటుంది, ఎత్తు బండ్లకి 1.0 నుంచి 1.3. జిమ్నీ చక్రాల మధ్య వెడల్పు సుమారు 1400 మిల్లీమీటర్లు. గరిమనాభి 650 మిల్లీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. 700ని 650తో భాగిస్తే 1.08. బాడీని దించడంతో ఆ ఎత్తు 30 మిల్లీమీటర్లు తగ్గిందనుకుంటే 1.13. బార్ చేయలేని పని, షాకప్ చేయలేని పని ఇది చేస్తోంది: తిరగబడే హద్దునే వెనక్కి జరుపుతోంది. మీరు బార్‌ని తప్పుపట్టడానికి చెప్పిన సూత్రమే ఎత్తు తగ్గించమంటోంది. ఇంకో మాట. రిజిడ్ యాక్సిల్ బండిని దించినా డిఫరెన్షియల్ కింద ఖాళీ తగ్గదు, ఎందుకంటే అది టైరు సైజుని బట్టి ఉంటుంది, స్ప్రింగుని బట్టి కాదు. రాయి తగిలేది ఎక్కువగా అక్కడే కదా?

కొండ పక్షం: డిఫరెన్షియల్ విషయంలో మీరు చెప్పింది అక్షరాలా నిజం, చాలామందికి తెలియని నిజం. అయితే అది జిమ్నీకి, జిప్సీకి. థార్ ముందు సస్పెన్షన్ ఇండిపెండెంట్, అక్కడ బాడీతోపాటు ముందు డిఫరెన్షియల్ కూడా కిందికి వస్తుంది. జిమ్నీలో కూడా పొట్ట కిందికి వస్తుంది. మిట్ట దాటే కోణం కంపెనీ లెక్కలో 24 డిగ్రీలు. 30 మిల్లీమీటర్లు దించితే అందులో రెండున్నర డిగ్రీల దాకా పోతుంది. అది కూడా సర్దుకుందాం అనుకోండి. ఎత్తు లెక్కలో మీరు ఒకటి వదిలేశారు. మీరు దించింది బాడీని. యాక్సిళ్లు, చక్రాలు ఉన్నచోటే ఉన్నాయి. కాబట్టి మొత్తం గరిమనాభి 30 మిల్లీమీటర్లు తగ్గదు, అంతకంటే తక్కువే తగ్గుతుంది. ఇక అసలు భయం చెబుతాను. దించిన మేరకు స్ప్రింగు పైకి నొక్కుకోవడానికి ఉన్న చోటు తగ్గుతుంది. నలుగురు కూర్చుని, సామాను వేసుకుని, మలుపులో ఒరిగి ఉన్న సమయంలో చక్రం గుంటలో పడితే యాక్సిల్ వెళ్లి కదలికకి చివరి అడ్డుగా ఉండే బంప్‌స్టాప్‌ని కొడుతుంది. ఆ క్షణంలో స్ప్రింగు లేనట్టే. చక్రం ఒక్కసారి పట్టు వదులుతుంది, లేదా బండిని పైకి తన్నుతుంది. పటాన్‌చెరు దగ్గర ఔటర్ మీద బాగున్న ఆ 1.13 అంకె, శ్రీశైలం ఘాట్‌లో గుంటపడ్డ మలుపు దగ్గర అక్కరకు రాదు.

రోడ్డు పక్షం: అందుకే దించేటప్పుడు స్ప్రింగు కాస్త గట్టిది వేయాలి, పొడవు తగ్గిన షాకప్ వేయాలి. ఊరికే స్ప్రింగు కోసేవాళ్లని నేను సమర్థించడం లేదు.

కొండ పక్షం: గట్టి స్ప్రింగు వేస్తే మళ్లీ మొదటికి వచ్చాం, పాడైన తారు మీద చక్రం ఎగరడం దగ్గరికి. ఇంకా ఉంది. మీరు రోడ్డు కోసం వెడల్పాటి, బాగా పట్టు ఉన్న టైర్లు కూడా వేయిస్తారు, అవునా? ఆ టైరు పట్టు, ఈ అంకె, రెండూ దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు ఏమవుతుందో ఆలోచించండి. పట్టు తక్కువైతే బండి ముందు జారుతుంది. జారే బండిని డ్రైవరు చూసుకోగలడు, ఈఎస్‌పీ చూసుకోగలదు. పట్టు ఎక్కువైతే జారదు, తిరగబడుతుంది. పైగా బండ్లు తిరగబడేది ఎక్కువగా తారు మీద కాదు, జారి వెళ్లి మట్టి అంచులోనో రాతిలోనో చక్రం చిక్కుకున్నప్పుడు. మన రోడ్ల అంచుల్లో తారుకీ మట్టికీ మధ్య ఎంత దిగుడు ఉంటుందో మీకు తెలుసు. అక్కడికి ఎంత వేగంతో వెళ్లామన్నదే లెక్క. ఒరగడం అనేది ఆ వేగం ఎక్కువైందని శరీరానికి తెలిపే సంకేతం. ఎత్తు బండిలో ఆ సంకేతాన్ని చంపడం నాకు భయం.

రోడ్డు పక్షం: సంకేతం కావాలి, కాదనను. కానీ సంకేతం పేరుతో ప్రమాదాన్నే ఉంచుకోలేం. జడిసి నెమ్మదిగా నడిపేవాడికి కూడా లారీ అడ్డు వస్తుంది. ఆ ఒక్క క్షణంలో నా బండి నేను చెప్పినచోటికి వెళ్లాలి. ఆ క్షణం నా వేగం వల్ల రాలేదు, దాన్ని నేను ఎన్నుకోలేదు.

కొండ పక్షం: ఇక్కడ మనిద్దరం కలవం. మీరు ఎన్నుకోని క్షణం కోసం బండిని సిద్ధం చేస్తున్నారు. మీరు ఎన్నుకునే వేగం గురించి నా భయం. రెండూ నిజమైన భయాలే. చట్టం సంగతి కూడా మరిచిపోకండి. కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ని వివరిస్తూ తీర్పు ఇచ్చింది. అదే ఏడాది వచ్చిన సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. ప్రమాదం జరిగాక బీమా సర్వేయరు ఆ స్ప్రింగులు చూసి ఏమంటాడో ముందే అడిగి తెలుసుకోవాలి.

రోడ్డు పక్షం: చట్టాన్ని నేను దాటమనను. కంపెనీ కొలతలకే సరిపోయే షాకప్, అదే ఎత్తు, అదే బిగింపు, లోపలి వాల్వులు మాత్రం మెరుగైనవి: నా మొదటి మెట్టు అది. కంపెనీ టైర్లు, సరైన గాలి, కొత్త బుష్‌లు, పైన ఖాళీ క్యారియర్: ఇవి దానికంటే ముందు మెట్టు, అది మీ మాట. ఎత్తు తగ్గించడం గురించి నా అభిప్రాయం మాత్రం మారలేదు. కొండ ఎక్కని ఇంట్లో, ఆర్టీవో కాగితం ఇస్తే, నిపుణుడు చేస్తే, దించిన జిమ్నీయే ఆ ఇంటికి మంచి బండి.

కొండ పక్షం: నా అభిప్రాయమూ మారలేదు. దించిన జిమ్నీ ఏ ఇంటికీ మంచిది కాదు, ఎందుకంటే ఆ ఇంటి తర్వాత దానికి ఇంకో ఇల్లు ఉంటుంది. ఊళ్లో అలిసిన ఈ బండ్లు చాలావరకు చివరికి చేరేది కొండ పక్క ఊళ్లకే. అక్కడ కొనుక్కునే మనిషికి కింద ఏ స్ప్రింగు ఉందో తెలియదు. బాట మధ్యలో పొట్ట తగిలాక తెలుస్తుంది. కాబట్టి మార్చాలనే నిర్ణయించుకున్న ప్రతివారినీ ఒకటి వేడుకుంటున్నాను. విప్పిన కంపెనీ స్ప్రింగులు, షాకప్‌లు పాత ఇనుముకి వేయకండి. దాచి ఉంచండి. అమ్మే రోజున వాటిని బండితోపాటు ఇచ్చి, ఏమేం మార్చారో ఒక కాగితం మీద రాసి కొనేవాళ్ల చేతికి ఇవ్వండి.